అమ్మకానికి ఓ పాత టూరింగ్ కారు

టూరింగ్ కారు అంటే పైన గట్టి కప్పు లేని పెద్ద కారు. వెనక సీటు వెనకాల మడిచి పెట్టుకునే గుడ్డ టాపు ఉంటుంది. వాన మొదలైతే టాపు లేపి, పక్కలకు తెరలు బిగించుకోవాలి. తలుపులకు ఎత్తి దించే అద్దాలుండవు. బయట కనిపించడానికి ఆ తెరల మధ్యలోనే సెల్యులాయిడ్ ముక్కలు కుట్టి ఉంటాయి. మామూలుగా ఐదుగురు కూర్చుంటారు. పెద్ద బళ్లలో మధ్యన మడత సీట్లు వేసుకుంటే ఏడుగురు పడతారు. 1910 తర్వాతి పదిహేనేళ్లలో అమెరికాలో కారంటే ఎక్కువగా ఈ రకమే. 1922లో హడ్సన్ కంపెనీ ఎసెక్స్ పేరుతో చవకైన మూత కారును తెచ్చాక కొనేవాళ్ల చూపు గట్టి కప్పు ఉన్న బళ్ల మీదికి మళ్లింది. 1930లు వచ్చేసరికి టూరింగ్ కారు తయారీ బాగా తగ్గిపోయింది. అందువల్ల ఇప్పుడు అమ్మకానికి వచ్చే అమెరికన్ టూరింగ్ కారు చాలావరకు తొంభై ఏళ్లు దాటినదే, తరచు నూరేళ్లు నిండినదే.

వీటిలో ఎక్కువగా మిగిలింది ఫోర్డ్ మోడల్ టీ. 1908 అక్టోబరులో విడుదలైన ఈ కారు 1927 మే నెల దాకా ఆగకుండా తయారైంది. మొత్తం కోటిన్నర దాటాయి. మొదట్లో టూరింగ్ మోడల్ ధర 850 డాలర్లు, 1920ల మధ్యకు అది 290 డాలర్లకు దిగింది. 1913లో డెట్రాయిట్ దగ్గరి హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టడమే దీనికి ప్రధాన కారణం. అంతకుముందు ఒక చాసీ బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది. లైను కుదురుకున్నాక అదే పని గంటా ముప్పై మూడు నిమిషాల్లో పూర్తయింది.

మోడల్ టీ ఇంజను నాలుగు సిలిండర్లది, 2.9 లీటర్లది. శక్తి 20 హార్స్‌పవర్ మాత్రమే. గంటకు 65, 70 కిలోమీటర్లకు మించి పోదు. అయినా తక్కువ వేగంలో లాగే బలం ఉంది, కింద ఎత్తు ఉంది, వెనాడియం కలిపిన ఉక్కుతో చేసిన తేలికైన, గట్టి భాగాలున్నాయి. గుంటల దారిలో ఈ మూడూ బాగా అక్కరకొచ్చాయి. ఇందులో నీళ్ల పంపు లేదు. వేడెక్కిన నీరు తనంతట తానే రేడియేటరు పైకి చేరి, చల్లబడి కిందికి దిగుతుంది. పెట్రోలు పంపు కూడా లేదు. చాలావరకు ముందు సీటు కిందే ఉండే ట్యాంకు నుంచి పెట్రోలు పల్లానికి పారినట్టే కార్బురేటరుకు చేరుతుంది. ఈ సదుపాయానికి ఒక చిక్కు ఉంది. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు నిటారు ఎత్తు ఎక్కితే ఇంజను ట్యాంకు కంటే పైకి పోయి పెట్రోలు అందదు. అప్పుడు బండిని తిప్పి రివర్సులో ఎక్కించాలి. మన ఉత్తరాంధ్రలో సాలూరు దాటి పొట్టంగి వైపు ఘాట్ ఎక్కే దారి చూసినవారికి ఆ ఏర్పాటు ఎందుకో వెంటనే అర్థమవుతుంది.

మోడల్ టీ నడపడం నేటి డ్రైవరు కొత్తగా నేర్చుకోవలసిన విద్య. కాళ్ల దగ్గర మూడు పెడళ్లుంటాయి. ఎడమది పూర్తిగా నొక్కితే మొదటి గేరు, సగంలో ఆపితే న్యూట్రల్, పూర్తిగా వదిలేస్తే రెండో గేరు. ముందుకు పోవడానికి ఉన్నవి ఆ రెండే. మధ్య పెడల్ రివర్సుకు, కుడిది బ్రేకుకు. యాక్సిలరేటరు కాలి కింద ఉండదు. స్టీరింగు కింద రెండు మీటలుంటాయి, ఒకటి పెట్రోలు ఎంత పోవాలో చూస్తుంది, రెండోది నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చూస్తుంది. ముందున్న హ్యాండిల్ తిప్పి స్టార్టు చేసేటప్పుడు ఈ రెండో మీటను వెనక్కి పెట్టాలి. మరిచిపోతే ఇంజను ఎదురు తిరిగి హ్యాండిల్ మణికట్టును విరగ్గొడుతుంది. 1919లో ఫోర్డ్ కారుకు ఎలక్ట్రిక్ స్టార్టరు వచ్చినా, టూరింగ్ మోడల్‌కు దాన్ని అదనపు డబ్బు కట్టి తీసుకోవలసి వచ్చేది.

ఫోర్డ్ ఒక్కటే కాదు. 1914లో మొదలైన డాడ్జ్ బ్రదర్స్ టూరింగ్ కారు బాడీ మొత్తం ఉక్కుతో చేసినది. బ్యూయిక్ ఇంజను వాల్వులు సిలిండరు పైభాగాన ఉండి, ఆ కాలానికి మంచి శక్తినిచ్చేవి. షెవర్లే 490 తన ధరనే పేరుగా పెట్టుకుని ఫోర్డుకు పోటీగా దిగింది. హడ్సన్ సూపర్ సిక్స్ ఆరు సిలిండర్ల బండి. ఓవర్‌ల్యాండ్, మాక్స్‌వెల్, హప్‌మొబీల్ లాంటి పేర్లు ఇప్పుడు పుస్తకాల్లో తప్ప వినపడవు. కొనేవారికి ఈ సంగతి ముఖ్యం. మోడల్ టీకి దాదాపు ప్రతి భాగాన్నీ అమెరికాలో నేటికీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. మూతపడిన కంపెనీల బళ్లకు ఒక గేరు పళ్లచక్రం విరిగితే లేతు మీద కొత్తగా కోయించుకోవడమే దారి.

ఈ బళ్లు మన దేశానికి రావడానికి ముఖ్యమైన దారి కెనడా. 1904లో ఏర్పడిన ఫోర్డ్ కెనడా కంపెనీకి బ్రిటిష్ సామ్రాజ్యంలోని చాలా దేశాల మార్కెట్టు దక్కింది. కుడివైపు స్టీరింగు ఉన్న బళ్లు అక్కడి నుంచే ఓడలెక్కాయి. బ్రిటన్‌లో హార్స్‌పవర్ లెక్కన పన్ను వేయడంతో అక్కడి కంపెనీలు చిన్న ఇంజన్ల వైపు మొగ్గాయి. మన మట్టి దారులకు కావలసింది పెద్ద ఇంజను, ఎత్తైన చాసీ. ధరలోనూ అమెరికన్ కారే చవక. 1926లో ఫోర్డ్ ఇండియా కంపెనీ ఏర్పడి పెట్టెల్లో వచ్చిన భాగాలను ఇక్కడే బిగించసాగింది. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయి శివ్డీలో తన ఫ్యాక్టరీ తెరిచింది.

ఉత్తరాంధ్రకు ఇవి మద్రాసు, కలకత్తా రేవుల మీదుగా చేరాయి. విశాఖపట్నం ఓడరేవు 1933లో గాని తెరుచుకోలేదు. మద్రాసు నుంచి కలకత్తా పోయే పెద్ద రోడ్డు, అంటే నేటి 16వ నంబరు జాతీయ రహదారి, ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం మీదుగా సాగుతుంది. రైలు మార్గం 1890లలోనే వచ్చింది. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం, మందస, టెక్కలి, ఉర్లాం జమీందారీలు పక్కపక్కనే ఉన్న ప్రాంతమిది. అప్పట్లో కారు కొనగల స్తోమత ఉన్నది ఇలాంటి దివాణాలకూ, పేరున్న వకీళ్లకూ, జనుము మిల్లుల, మాంగనీసు గనుల యజమానులకూ, పెద్ద అధికారులకూ. వంశధార, నాగావళి, చంపావతి, సువర్ణముఖి లాంటి ఏళ్లు అడుగడుగునా అడ్డుపడే ఈ నేల మీద ఎత్తైన చాసీ ఉన్న బండిది పైచేయి కావడంలో వింత లేదు.

బండి వెంట వచ్చే పాత కాగితాలు చదవాలంటే ఇక్కడి జిల్లాల చరిత్ర కూడా కొంత తెలిసి ఉండాలి. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా వేరు రాష్ట్రమయ్యేదాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, పేరు కూడా చికాకోల్ అనే రాసేవారు. ఆ తర్వాత అది విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. మధ్యలో 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. కాబట్టి 1920లలో టెక్కలిలో కొన్న కారు, ఇంటి గేటు దాటకపోయినా, మూడు జిల్లాల పేర్లతో, మూడు రాష్ట్రాల ముద్రలతో కాగితాలు పోగుచేసుకుని ఉండవచ్చు. ఈ వరుసలో ఎక్కడైనా తెగితే కొనేవారు ఆగి అడగాలి.

ఇన్ని బళ్లు వచ్చినా మిగిలినవి కొద్దే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషన్ పెట్టారు. 1942లో మలయా జపాను చేతిలో పడ్డాక రబ్బరుకు, టైర్లకు కరువొచ్చింది. అదే ఏడు ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచిన రోజులవి. పెద్ద టూరింగ్ కార్ల వెనక భాగం కోసేసి సామాను బళ్లుగా మార్చుకోవడం దేశమంతటా జరిగింది. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీ ఎస్టేటుల రద్దు చట్టం తెచ్చింది. శిస్తు ఆదాయం పోయాక నాలుగైదు కార్లు పోషించిన దివాణాలు వాటిని వదిలించుకున్నాయి. 1950ల మధ్యకు ఫోర్డ్, జనరల్ మోటార్స్ కంపెనీలు దేశంలో కార్ల బిగింపు ఆపేశాయి, దిగుమతులు బిగుసుకున్నాయి. విడిభాగాలు దొరకని మెకానిక్కులు జీపు కార్బురేటరు, లారీ డైనమో, అంబాసిడర్ దీపాలు తగిలించి బండిని నడిపించారు. ఆ పనితనాన్ని మెచ్చుకోవలసిందే. నేడు కొనేవారు మాత్రం ఏది అసలుది, ఏది మధ్యలో వచ్చింది అని విడదీసి చూడాలి.

పాత కారు విలువ దాని రంగులో లేదు. అసలు భాగాలు ఎన్ని మిగిలాయి, వాటి వెంట కాగితాలు ఎంతవరకు వచ్చాయి అన్నదే విలువ. మెరిసే రంగు, కొత్త రెక్సిన్ సీట్లు, క్రోమియం పూత చూసి మురిసిపోవడం ఈ సంతలో ఎక్కువమంది చేసే పొరపాటు. 1914 నుంచి 1925 దాకా మోడల్ టీ నలుపు రంగులోనే వచ్చింది. ఆ ఏళ్ల బండి ఎర్రగా మెరుస్తూ ఉంటే అది తర్వాతి చేతి పని. రేడియేటరు చట్రం, దీపాల అంచులు ఇత్తడివి అయితే అది 1916 లేదా అంతకు ముందుది. 1917 మోడల్ నుంచి నల్ల రంగు వేసిన ఉక్కు చట్రం వచ్చింది. తర్వాతి కాలం బండికి ఇత్తడి రేడియేటరు తగిలించి పాతదిగా చూపడం ప్రపంచమంతటా ఉన్నదే.

మొదట చూడవలసింది నంబరు. మోడల్ టీలో ఇంజను మీద చెక్కిన నంబరే కారు నంబరు. చాలా ఏళ్లపాటు చాసీకి వేరే నంబరు వేయలేదు. ఇంజను మారితే బండి గుర్తింపే మారినట్టు. అందుకే ఇంజను నంబరు రిజిస్ట్రేషన్ కాగితంతో అక్షరం అక్షరం సరిపోవాలి. కెనడాలో తయారైన ఇంజన్ల మీద నంబరుకు ముందు ‘సి’ అక్షరం ఉంటుంది. కెనడా బండిని పట్టించే ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. అమెరికాలో చేసిన మోడల్ టీ టూరింగ్ కారుకు 1925 వరకు డ్రైవరు పక్క తలుపు ఉత్త గీతల బొమ్మ, అది తెరుచుకోదు. కెనడా బండికి ముందు రెండు తలుపులూ తెరుచుకుంటాయి. బాడీ చెక్కలో దిగిన స్క్రూల తలలు చూసినా తెలుస్తుంది. రాబర్ట్‌సన్ అనే కెనడా వ్యక్తి కనిపెట్టిన నలుపలకల గుంట స్క్రూలను అక్కడి ఫోర్డ్ ఫ్యాక్టరీ విరివిగా వాడింది. మన దేశంలో దొరికిన కుడి స్టీరింగు బండిలో ఈ గుర్తులు కనిపిస్తే నమ్మకం పెరుగుతుంది.

తర్వాతది చెక్క. డాడ్జ్ లాంటివి తప్పిస్తే ఆ కాలం బాడీలకు లోపల చెక్క చట్రం, పైన రేకు. సముద్రపు తేమ, చెదలు, తుఫాన్లు కలిసిన ఈ తీరంలో చెక్కకే ఎక్కువ ప్రమాదం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఈ జిల్లాల్లో ఎన్నో షెడ్లను నేలకూల్చాయి. అలాంటి షెడ్డు కింద నానిన బండికి పైన రేకు బాగానే ఉన్నా లోపల చట్రం పొడిగా రాలవచ్చు. తలుపు తెరిచి పైకెత్తి చూడాలి. కీలు దగ్గర కదిలితే చట్రం పోయినట్టే. సీటు తీసి కింది చెక్కను స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడాలి. చట్రాన్ని టేకుతో తిరిగి కట్టగల వడ్రంగులు మన దగ్గర ఉన్నారు, అది మంచి పనే. అయితే కొలతలు తీసుకోవడానికి పాత ముక్కలు దాచి ఉంచారా అని అడగాలి.

చక్రాల ఆకులూ చెక్కవే, ఎక్కువగా హికరీ కర్రవి. వేసవిలో కర్ర ఎండి ఆకులు వదులైతే బండి కదిలినప్పుడు కిర్రుమంటుంది. ఎద్దుబండి చక్రాన్ని చెరువులో నానబెట్టి బిగువు తెప్పించే పద్ధతి పల్లెల్లో ఉంది. కారు చక్రానికి దాన్ని వాడకూడదు. నానిన ఆకు ఉబ్బి నలుగుతుంది, ఎండాక ముందుకంటే వదులవుతుంది. వదులైన చక్రంతో బండి అమ్మకానికి పెడితే చక్రాలు కొత్తగా చేయించే ఖర్చు ధరలో తగ్గించి అడగడం న్యాయం. పాత రకం టైర్లకు గాలి బాగా ఎక్కువగా ఉండాలి, 55 పౌండ్లకు తగ్గితే మలుపులో టైరు రిమ్ము వదిలేసే ప్రమాదం ఉంది.

ఇంజనులో బేరింగులు తెల్లలోహం కరిగించి పోసినవి. కొన్న వెంటనే దూరప్రయాణం పెట్టుకుంటే అవి దెబ్బతినవచ్చు. అమ్మేవారు ఇంజను స్టార్టు చేసి చూపిస్తే చాలదు. బాగా వేడెక్కేదాకా నడిపి, లోపల తట్టినట్టు చప్పుడు వస్తోందా అని వినాలి. మోడల్ టీ ఫ్లైవీలుకు పదహారు అయస్కాంతాలుంటాయి. వాటి బలం తగ్గితే నిప్పురవ్వకు కరెంటిచ్చే మాగ్నెటో సరిగ్గా పనిచేయదు, అప్పుడు బ్యాటరీతో నడపవలసి వస్తుంది. ఇప్పటి పెట్రోలు మరో సమస్య. బంకుల్లో దొరికేదాంట్లో 20 శాతం దాకా ఎథనాల్ ఉంటోంది. పాత కార్బురేటరులో పెట్రోలు మీద తేలే బెండు ఫ్లోటుకు లక్క పూత ఉంటుంది, ఎథనాల్ ఆ లక్కను కరిగిస్తుంది. ఫ్లోటు మునిగిపోతే పెట్రోలు పొంగి కిందకు కారుతుంది, మంటకు దారితీస్తుంది. ఫ్లోటు మార్చారా, పైపులు, వాషర్లు ఎథనాల్‌కు తట్టుకునేవేనా అని తప్పక అడగాలి.

ఇక చట్టం. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో పాతకాలపు బళ్ల కోసం ప్రత్యేక భాగం చేర్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో నిలిపి ఉంచిన కార్లకు, మోటారు సైకిళ్లకు ఇది వర్తిస్తుంది. చాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, తిరిగి చేయించుకోవడానికి 5,000. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అనే రెండక్షరాలుంటాయి. ఇంతకుముందే రిజిస్టరైన బండి తన పాత నంబరును నిలుపుకోవచ్చు, ఆ అవకాశాన్ని వదులుకోకూడదు. ఇలాంటి బండిని రోజువారీ పనులకు, అద్దెకు తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, మరమ్మతు, పెట్రోలు పోయించుకోవడం లాంటి వాటికే రోడ్డెక్కాలి. పెళ్లి ఊరేగింపుల అద్దెకు తిప్పి డబ్బు రాబట్టుకుందామని కొనేవారు ఈ షరతును ముందే చదువుకోవాలి.

యజమాని చనిపోయి పిల్లలు అమ్ముతున్న బండి అయితే మొదట వారసుల పేరుకు మార్పించుకోవాలి. వారసులందరి అంగీకారం రాతలో ఉండాలి. ఉమ్మడి ఆస్తిగా షెడ్డులో దశాబ్దాలు పడివున్న కార్ల అమ్మకాల్లో తగాదాలు పుట్టేది ఇక్కడే. మెకానిక్ లోపం డబ్బుతో తీరుతుంది, హక్కు లోపం కోర్టుకెక్కితే కొన్నవారి జీవితకాలంలో తీరకపోవచ్చు. కాబట్టి ఎంత మంచి బండైనా కాగితాలు లేకపోతే కొనకపోవడమే మేలు. కాగితాలు సరిగ్గా ఉండి, రంగు వెలిసి, అసలు భాగాలన్నీ ఉన్న బండి ఎదురైతే నడవకపోయినా కొనదగినదే.

ఆనాటి కార్లను కళ్లారా చూడదలచినవారు హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లవచ్చు. నిజాం రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌తో పాటు మరికొన్ని పాత కార్లు అక్కడ ప్రదర్శనలో ఉన్నాయి. ఢిల్లీలో 1964లో మొదలైన స్టేట్స్‌మన్ ర్యాలీ లాంటి చోట్ల నడిచే బళ్లనూ చూడవచ్చు. కొనేముందు అలాంటి ఒక బండి పక్కన నిలబడి, చెక్క, రేకు, ఇత్తడి ఎలా కలిశాయో చూసుకుంటే మోసపోయే అవకాశం చాలా తగ్గుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత లోగిళ్లు ఇంకా ఉన్నాయి. వాటి వెనక షెడ్డులో తుప్పు పట్టిన చాసీ, విడిగా పడివున్న దీపం, రేడియేటరు, పాత నంబరు ప్లేటు ఏదైనా కనిపిస్తే ఇనప సామాన్లవాడికి తూకానికి వేయవద్దు. ముందు ఇంజను నంబరు రాసుకోండి. నాలుగు పక్కలా ఫొటోలు తీయండి. ట్రంకు పెట్టెల్లో లైసెన్సు పుస్తకాలు, పన్ను రసీదులు, పెట్రోలు కూపన్లు వెతికి ఒకచోట పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ కారు ఎవరిదో, ఎప్పుడు కొన్నారో, ఎవరు నడిపేవారో అడిగి రాయించుకోండి. అమ్మాలా వద్దా అన్నది ఆ తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.